ఆయనేం చేశారో చెప్పండి

చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ పక్కన ఉన్న ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ కవాతు మైదానానికి పరమేశ్వరన్ పేరు పెట్టారు. 1963లో మొదలైన అకాడమీ అది. 1992 నుంచి అమ్మాయిలకూ అక్కడ శిక్షణ ఇస్తున్నారు. భుజాన నక్షత్రాలు పెట్టుకుని సైన్యంలోకి వెళ్లే పిల్లలు శిక్షణ ముగించి ఆఖరి కవాతు చేసేది ఆ మైదానంలోనే. ఈ పరమేశ్వరన్ ఎవరు అని అడిగితే సైన్యం ఒక చిన్న కాగితం చూపిస్తుంది.

1987 నవంబర్ 25, రాత్రి పొద్దుపోయాక. శ్రీలంకలో గాలింపు ముగించుకుని వస్తున్న దళం మీద మాటువేసిన మిలిటెంట్లు కాల్పులు మొదలుపెట్టారు. 8 మహర్ బెటాలియన్‌కు చెందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ వాళ్లను వెనకవైపు నుంచి చుట్టుముట్టి మీద పడ్డారు. ముఖాముఖి పెనుగులాటలో ఒకడు ఆయన ఛాతీలో కాల్చాడు. ఆయన వాడి చేతిలో రైఫిల్ లాక్కుని వాణ్ణి కాల్చి చంపారు. ప్రాణం పోయేదాకా తన మనుషులకు ఆజ్ఞలు ఇస్తూనే ఉన్నారు. ఐదుగురు మిలిటెంట్లు చనిపోయారు. మూడు రైఫిళ్లు, రెండు రాకెట్ లాంచర్లు దొరికాయి. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు.

ఇందులో ప్రతి వాక్యం చివరా ఒక పని ఉంది. చుట్టుముట్టారు, మీద పడ్డారు, లాక్కున్నారు, కాల్చారు, ఆజ్ఞలిచ్చారు. తేదీ ఉంది, వేళ ఉంది. చివరికి దొరికిన తుపాకుల లెక్క కూడా ఉంది. అసలు కాగితంలో ధైర్యసాహసాలను మెచ్చుకునే మాటలు లేకపోలేదు. అవి తీసేసినా మనిషి నిలబడే ఉంటాడు. ఆ పనులు తీసేస్తే మాత్రం ఏమీ మిగలదు.

కిందటి శీతకాలం నుంగంబాక్కంలో ఒక హోటల్లో జరిగిన విందులో కూర్చుని ఉండగా నాకు ఈ కాగితమే గుర్తొచ్చింది. ఇక్కడి తెలుగువాళ్లు కొందరు కలిసి ఏటా కొందరికి పురస్కారాలిచ్చి విందు చేస్తారు. ఈసారి వైద్యుడూ సంగీత విద్వాంసురాలూ వ్యాపారవేత్తా ఉన్న వరసలో ఒక మాజీ సైనికుడినీ కూర్చోబెట్టారు. సుబేదారుగా రిటైరైన మనిషి. ఎనభైకి దగ్గరపడ్డ వయసు. సొంతూరు పశ్చిమ గోదావరి, తాడేపల్లిగూడెం వైపు. మిలిటరీ మాధవరం అని పేరు పడిన ఊరు ఆ చుట్టుపక్కలదే, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. ఈయన సైన్యపు ఇంజనీరు దళమైన మద్రాస్ శాపర్లలో చేరి, ఉద్యోగం అయ్యాక పిల్లల చదువుల కోసం ఆవడిలో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయారు. ముదురు నీలం కోటు, ఎడమవైపు పతకాల వరస.

శాలువా కప్పారు. దండ వేశారు. జ్ఞాపిక ఇచ్చారు. సన్మాన పత్రం చదవడం మొదలైంది. అపర పరశురాముడు, భరతమాత కంఠసీమలో మేలిముత్యం, శత్రుభయంకరుడు, ఆంధ్రుల పౌరుషాగ్నికి ప్రతిరూపం, త్యాగధనుడు. చదివినాయన గొంతు బాగుంది, సమాసాల కూర్పు కూడా బాగుంది. వాళ్ల ఆదరంలో కల్తీ లేదు. ఆ పత్రం చదివినంతసేపూ ఆ పెద్దాయన సావధాన్‌లో నిలబడ్డారు. చేతులు ప్యాంటు కుట్టుకు ఆనించి, గడ్డం కొంచెం పైకి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మైకు ఇచ్చినప్పుడు అందరికీ నమస్కారం అని, జై హింద్ అని, దిగిపోయారు.

భోజనాల దగ్గర ఆయన పక్కన చోటు దొరికింది. పతకాల్లో రెండింటిని గుర్తుపట్టాను. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. 1971 యుద్ధానికి ఇచ్చినవి. పడమటి సరిహద్దులో పనిచేసినవాళ్లకు పశ్చిమీ స్టార్, తూర్పున పనిచేసినవాళ్లకు పూర్వీ స్టార్. ఆ కోటు మీద ఉన్న రిబ్బన్ల వరస చదవడం వచ్చినవాడికి ఆ మనిషి ఏ ఏళ్లలో ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. పడమట ఎక్కడండీ అని అడిగాను. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ ఆగి నా మొహంలోకి చూశారు.

“శకర్‌గఢ్ వైపు. మా పని నేలతో బాబూ. శత్రువు మొహం చూసింది తక్కువ” అన్నారు.

తర్వాత ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకున్నాను. “మైన్లు పాతిన పొలం దాటితేగానీ ట్యాంకులు పోలేవు. రాత్రిపూట మేం ముందు దిగాలి. చేతిలో కడ్డీ. దాన్ని ఏటవాలుగా పట్టుకుని మెల్లగా గుచ్చాలి. నిటారుగా పొడిచామా, అయిపోయామే. మైను పక్కభాగం తగలాలిగానీ నెత్తి తగలకూడదు. తగిలాక వేళ్లతో మట్టి తీయాలి. కింద ఇంకేదన్నా తగిలించి పెట్టాడేమో తడిమి చూసుకోవాలి. డిసెంబరు చలికి వేళ్లు కొయ్యబారిపోయేవి. తగిలింది రాయో మైనో తెలియాలంటే వేళ్లకు ప్రాణం ఉండాలి కదా. నోట్లో పెట్టుకుని వెచ్చ చేసుకునేవాళ్లం. దారి అయినకాడికి తెల్ల టేపు కట్టుకుంటూ పోయేవాళ్లం. పైన గుండ్లు పడతానే ఉండేవి. పడినప్పుడు పక్కకు దొర్లడానికి లేదు. పక్కనంతా మైన్లే.”

కాసేపు ఊరుకుని అడిగారు. “వాళ్లు చదివిన కాగితంలో మైను అన్న మాట ఎక్కడన్నా వచ్చిందా బాబూ? నాకు చెవి సరిగా వినపడదు.”

రాలేదండీ అన్నాను. సరేలే అని తల ఊపి అన్నం తిన్నారు.

ఆయన అడిగింది ఫిర్యాదుగా కాదు, తెలుసుకోవడానికి. నాకైతే ఆ ప్రశ్న ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది. ఒక మనిషిని వేదిక మీద నిలబెట్టి రెండు పేజీలు చదివాం. ఆ రెండు పేజీల్లో ఆయన లేడు. ఆ పత్రాన్ని ఇంకెవరికి చదివినా సరిపోతుంది. ఫిరంగి దళంలో పనిచేసినవాడికీ, ఓడలో వంటవాడికీ, విమానాలు మరమ్మతు చేసినవాడికీ. అందరికీ సరిపోయే మాట ఎవరికీ గౌరవం కాదని నేను నమ్ముతాను.

ఆయన పాల్గొన్న పోరు చిన్నదేమీ కాదు. ఆ శకర్‌గఢ్ వైపే, రావికి ఉపనది అయిన బసంతర్ దగ్గర 1971 డిసెంబర్ 15 నుంచి జరిగిన యుద్ధం పడమటి రంగంలో అతి పెద్ద ట్యాంకు పోరాటాల్లో ఒకటి. అక్కడ పూనా హార్స్ ట్యాంకుల మీద పోరాడి 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ పరమవీర చక్ర పొందాడు, మరణానంతరం. ఆ పేరు దేశమంతా తెలుసు. ఆ ట్యాంకులకు మైన్ల మధ్య దారి చేసిన ఇంజనీర్ల పేర్లు ఎంతమందికి తెలుసు? 9 ఇంజనీర్ రెజిమెంట్‌కు చెందిన మేజర్ విజయ్ రతన్ చౌధరి ఆ యుద్ధంలో రోజుల తరబడి ఒక మైన్ల పొలం తర్వాత ఒకటి తానే ముందుండి తొలగింపజేసి, ఆ పనిలోనే ప్రాణం విడిచారు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. శాపర్ల పని అలాంటిది. వాళ్ల పని సవ్యంగా జరిగితే పేలుడు వినపడదు. ఏదీ పేలకపోవడమే వాళ్ల విజయం గనక చూసేవాళ్లకు అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది. అలాంటి పనికి శత్రుభయంకరుడు అన్న మాట అసలే అతకదు.

మద్రాస్ శాపర్ల చరిత్ర 1780 సెప్టెంబర్ 30న ఈ ఊళ్లోనే మొదలైంది, రెండు పయనీర్ కంపెనీలతో. తర్వాత వాళ్ల కేంద్రం బెంగళూరు వెళ్లింది. తమిళులూ తెలుగువాళ్లూ మలయాళీలూ కన్నడిగులూ కలిసి ఉండే దళం. సైన్యమంతా వాళ్లను తంబీలు అనే పిలుస్తుంది. వాళ్లలో ఒకరి గురించి చెప్పాలి. సుబేదార్ సుబ్రమణియన్, అప్పటి చెంగల్పట్టు జిల్లా మనిషి. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలోని మిన్యానో దగ్గర మైన్లు వెతికే పరికరం పట్టుకుని ఒక చిన్న బృందానికి ముందు నడుస్తున్నారు. వెనక వస్తున్నవాడి కాలు ఒక మైను మీద పడింది. అది పూర్తిగా పేలడానికి కొన్ని సెకన్లు ఉంది. సుబ్రమణియన్ వెనక్కి దూకి దాని మీద పడుకున్నారు. పేలుడంతా ఆయన శరీరమే తీసుకుంది. మిగిలినవాళ్లు బతికారు. ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు. ఆ కొన్ని సెకన్లలో ఆయన ఏం చేశారో చెప్పాక త్యాగధనుడు అని వేరే అనాలా?

విశేషణాలతో ఇంకో ప్రమాదం ఉంది. అవి మనిషిని ఎత్తినంత తేలిగ్గా పడేస్తాయి. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాదివాళ్లలో యుద్ధగుణం తగ్గిపోయిందని తేల్చాడు. యుద్ధజాతులు, యుద్ధజాతులు కానివాళ్లు అనే విభజన అప్పుడే బలపడింది. 1803లో అస్సాయే యుద్ధంలో మద్రాసు పటాలాలు ఏం చేశాయో ఎవరూ తిరిగి చదవలేదు. ఆ అభిప్రాయం ముదిరి 1920లలో మద్రాసు పదాతి బెటాలియన్లను ఒక్కొక్కటిగా రద్దు చేశారు. తెలుగు పల్లెల్లో తాతల కాలం నుంచి పటాలంలో పనిచేసిన కుటుంబాలకు ఆ దారి మూసుకుపోయింది. శాపర్లు మాత్రం మిగిలారు. దారులూ వంతెనలూ వేసేవాళ్లు లేకుండా సైన్యం కదలదు గనక. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టారు. దక్షిణాదివాళ్లు పోరాడలేరన్న మాటను ఎవరూ వాదించి ఓడించలేదు. బర్మాలోనూ ఇటలీలోనూ వాళ్లు చేసిన పనే దాన్ని ఓడించింది.

మన భాషలో ఈ సూటి పద్ధతి లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. రాయలసీమలోనూ పల్నాట్లోనూ పొలాల గట్ల మీద నిలబడి ఉన్న వీరగల్లులు చూడండి. వెయ్యేళ్లు దాటినవి ఉన్నాయి. వాటి మీద తెలుగు అక్షరాలున్నచోట చాలా కొద్ది మాటల్లో విషయం తేలిపోతుంది. ఏ రాజు ఏలుబడిలో, ఏ పోరులో, ఎవరి కొడుకు ఎవరితో తలపడి పడిపోయాడో. వైదుంబులూ బాణులూ తలపడ్డ కాలపు రాళ్లు చిత్తూరు ప్రాంతంలో దొరికాయి. కాలం, స్థలం, పేరు, పని. ఇటు తమిళనాట చెంగం చుట్టుపక్కల దొరికిన నడుకల్‌ల, అంటే అక్కడి వీరగల్లుల, తీరూ అదే. పశువుల మందను విడిపించబోయి చనిపోయినవాడి రాయి మీద పశువుల ప్రస్తావన ఉంటుంది. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా కార్తీక అమావాస్యకు పల్నాటి వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. ఏ ఆయుధం ఎవరిదో అక్కడివాళ్లకు తెలుసు. ఇంత నికరమైన సంప్రదాయం మనది. అది మన సన్మాన సభల్లో ఎప్పుడు సన్నగిల్లిందో తెలియదు గానీ, దాన్ని తిరిగి తెచ్చుకోవడం మాత్రం మన చేతిలో పని.

సైన్యం ఒక్క శౌర్య పతకం ఇవ్వాలంటే ఎంత పని జరుగుతుందో చూడండి. దళాధిపతి జరిగింది జరిగినట్టు రాస్తాడు. చూసినవాళ్ల సాక్ష్యం కావాలి. ఆ కాగితం బ్రిగేడ్, డివిజన్, కోర్ అని మెట్టు మెట్టుకూ పైకి పోతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు ఇది నిజమేనా, ఇంతటిదేనా అని అడుగుతారు. ఆ ప్రశ్నలన్నీ దాటి వచ్చిన కాగితాన్నే రాష్ట్రపతి ఎదుట చదువుతారు. పతకం తీసుకునేవారు అది పూర్తయ్యేదాకా నిలబడి వింటారు. 2015 జనవరి 26న ఢిల్లీలో మన తాంబరం కుర్రాడు మేజర్ ముకుంద్ వరదరాజన్ గురించి అలాగే చదివారు. 2014 ఏప్రిల్ 25న షోపియాన్ జిల్లా ఖాజీపత్రి గ్రామంలో 44 రాష్ట్రీయ రైఫిల్స్ అధికారిగా ఆయన చేసిన పని చదువుతుంటే ఆయన భార్య ఇందు రెబెకా వర్గీస్ నిశ్చలంగా నిలబడి వినడం దేశమంతా టీవీల్లో చూసింది. అశోక చక్ర ఆమె చేతికి వచ్చేసరికి అది దేనికి ఇస్తున్నారో చూస్తున్న ప్రతివాడికీ తెలుసు. 2024లో ఆయన కథ అమరన్ సినిమాగా వచ్చింది. తమిళంలో తీసిన ఆ సినిమాను తెలుగువాళ్లు కూడా ఆదరించారంటే, జరిగింది జరిగినట్టు తెలుసుకోవాలన్న ఆకలి మనవాళ్లలో ఉందనే నేను అనుకుంటాను.

ఒక్క మాటా లేకుండా చేసిన గౌరవం కూడా ఈ ఊరికి తెలుసు. 2019 ఫిబ్రవరి 27న వింగ్ కమాండర్ అభినందన్ వర్థమాన్ పాకిస్తాన్‌కు చిక్కాడు. విడుదల చేస్తున్నారన్న కబురు వచ్చిన రాత్రి ఆయన తల్లిదండ్రులు చెన్నై నుంచి ఢిల్లీ విమానం ఎక్కారు. తండ్రి కూడా వాయుసేనలో ఎయిర్ మార్షల్‌గా రిటైరైనవారే. వాళ్లు లోపలికి రాగానే ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. దిగేటప్పుడు ముందు వాళ్లకే దారి ఇచ్చారు. శాలువా లేదు, ప్రసంగం లేదు. ఏం జరిగిందో అందరికీ తెలుసు గనక చప్పట్లు సరిపోయాయి. మన సుబేదారు గారి విషయంలో ఏం జరిగిందో సభలో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు చెప్పాలి, చెప్పాలంటే ముందు అడగాలి.

అడగడం అంత తేలిక కాదు, అది నిజమే. కొందరు చెప్పరు. పక్కనున్నవాడు పోయిన రాత్రిని మాటల్లో పెట్టడం వాళ్లకు ఇష్టం ఉండదు. ఆ మౌనాన్ని తవ్వే హక్కు మనకు లేదు. కొందరు పాతికేళ్లు పనిచేసినా ఒక్క యుద్ధం చూడరు. వాళ్లను సన్మానించేటప్పుడు కూడా సమరసింహం అంటాం. ఎందుకు? సియాచిన్‌లో చలికాలం గడిపినవాడు ఉంటాడు. 2004 సునామీలో శవాలు మోసినవాడు ఉంటాడు. 2015 డిసెంబర్ వరదల్లో ఇదే చెన్నైలో నడుం లోతు నీళ్లలో ముసలివాళ్లను పడవలకెత్తినవాడు ఉంటాడు. అవి చిన్న పనులా? ఆ పనుల పేర్లు చెప్పి శాలువా కప్పితే ఆ శాలువాకే విలువ పెరుగుతుంది.

సైనికులు తమ గురించి తాము రాసుకున్నప్పుడు ఎలా రాస్తారో కూడా గమనించాలి. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడి అకాడమీలోనే శిక్షణ పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో చనిపోయారు. మహావీర చక్ర ఇచ్చారు. అంతకు కొద్ది రోజుల ముందు తండ్రికి ఉత్తరం రాశారు. అందులో ఇంట్లోవాళ్లకు ధైర్యం చెబుతూ, కడుపుతో ఉన్న తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమన్నారు, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు రావాలని. తన గురించి తాను గొప్పగా ఒక్క ముక్క చెప్పుకోవాల్సిన అవసరం ఆయనకు కనపడలేదు. గల్వాన్‌లో 2020 జూన్ 15న చనిపోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు, రామనాథపురం హవల్దార్ పళని, ఇద్దరి గురించీ సైన్యం రాసిన మాటలు చదివితే అక్కడా అదే తీరు. ఎక్కడ నిలబడ్డారు, ఎవరిని కాపాడారు, ఎప్పటిదాకా పోరాడారు.

1971లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్భై దాటాయి. సుబేదార్లు, హవల్దార్లు, నాయక్‌లు, సిపాయిలు. వీళ్లలో చాలామంది చేసిన పని ఏ పుస్తకంలోనూ లేదు. రెజిమెంట్ చరిత్రలో కంపెనీ పేరు ఉంటుంది, అధికారి పేరు ఉంటుంది. చలికి కొయ్యబారిన వేళ్లను నోట్లో పెట్టుకుని వెచ్చ చేసుకున్నవాడి పేరు ఉండదు. అది ఆయన జ్ఞాపకంలోనే ఉంది. ఆయనతోనే పోతుంది.

జనవరి 14 మాజీ సైనికుల దినం. 1953లో ఆ రోజున సైన్యాధిపతి జనరల్ కరియప్ప పదవీ విరమణ చేశారు గనక ఆ తేదీ పెట్టారు. మనకది భోగో సంక్రాంతో అవుతుంది, ఇక్కడివాళ్లకు పొంగల్. ఇళ్లకు అందరూ వచ్చే రోజులు. సంఘాలవాళ్లకు నా మనవి ఒకటే. ఈసారి ఒక సైనికుడికి సన్మానం తలపెడితే సభకు ముందే ఆయన ఇంటికి వెళ్లండి. ఏ దళంలో, ఏ ఏళ్లలో, ఎక్కడెక్కడ, ఏం పని చేశారో అడగండి. పతకాలు ఒక్కొక్కటీ దేనికొచ్చాయో రాసుకోండి. చెప్పనన్నది వదిలేయండి. రాసింది ఆయనకు గట్టిగా చదివి వినిపించి, తప్పులు దిద్దించుకుని, అప్పుడు అచ్చుకివ్వండి. ఒక ప్రతి ఆయన మనవలకు, ఒక ప్రతి ఆయన ఊరి బడికి పంపండి. వేదిక మీద ఐదు నిమిషాలు చాలు, ఆ ఐదు నిమిషాల్లో ఆయనేం చేశారో చెప్పండి.